చెట్టుకో చెంబు

మబ్బుకొండ జాతీయ వర్షారణ్యాన్ని సందర్శకుల కోసం తెరిచి అప్పటికి నాలుగేళ్ళయింది. ఆ నాలుగేళ్ళలో లోపలికి వెళ్ళిన సందర్శకులు ఎంతమందంటే, ఒక్కరూ లేరు.

ఇందులో జనం తప్పేమీ లేదు. పాపం, వస్తూనే ఉండేవారు. రైలు దిగి, రెండు బస్సులు మారి, చివరి పద్దెనిమిది కిలోమీటర్లూ జీపు వెనక చువ్వ పట్టుకుని వేలాడుతూ వచ్చేవారు. నేను టిక్కెట్టు కిటికీ వెనక కూర్చుని వాళ్ళకి పదకొండో నిబంధన చదివి వినిపించేవాణ్ణి. వాళ్ళు కాసేపు నన్ను చూసి, కాసేపు ఆకాశాన్ని చూసి, అదే జీపులో తిరిగి వెళ్ళిపోయేవారు.

పదకొండో నిబంధన ఇది: "సందర్శకుల భద్రత దృష్ట్యా, వర్షము కురియుచున్నప్పుడు గానీ, అంతకు పూర్వము ఇరువది నాలుగు గంటలలో వర్షము కురిసియున్నచో గానీ, అరణ్య ప్రవేశము నిషిద్ధము."

రాసినాయన మంచి ఉద్దేశంతోనే రాశారు. ఆయన రాజధానిలో ఉండేవారు. మా దగ్గర మాత్రం వాన ఉదయం మొదలై సాయంత్రానికి ఆగేది, రాత్రి వాన మొదలయ్యేందుకు వీలుగా. నాలుగేళ్ళలో ఒకే ఒక్కసారి ముప్ఫై గంటలపాటు చినుకు పడలేదు. తీరా గేటు తెరిచే వేళకి మంగళవారం అయింది. మంగళవారం గేటుకి సెలవు.

నేను అక్కడ సీనియర్ అసిస్టెంటుని. పేరు ఉమాపతి. నిజం చెప్పాలంటే నేనూ లోపలికి వెళ్ళలేదు. నా విధులన్నీ గేటుకి ఇవతలే ఉన్నాయని నియామకపు కాగితంలో ఉంది. లోపలికి వెళ్ళొచ్చే మనిషి ఒక్కడే, వాచర్ కిల్లో సుక్రయ్య. కొండ దిగువన గూడెం అతనిది. రోజూ అడవిలో ఒక చుట్టు తిరిగొచ్చి, ఉదయం ఎనిమిదింటికి ఆఫీసు ముందున్న రెయిన్ గేజిలో నీళ్ళు మిల్లీమీటర్లలో కొలిచి, అంకె రిజిస్టర్లో రాసేవాడు. ఆ అంకె సాయంత్రానికి రాజధాని చేరేది.

ఇలా ప్రశాంతంగా నడుస్తూండగా ఒక జులైలో వకుళాదేవి గారు వచ్చారు.

ఆవిడకి అరవయ్యేడేళ్ళు. అనకాపల్లిలో ఆడపిల్లల జూనియర్ కాలేజీలో ముప్ఫై ఒక్క ఏళ్ళు వృక్షశాస్త్రం చెప్పి రిటైరయ్యారు. చేతిలో గొడుగు, భుజాన సంచీ, కాళ్ళకి మగవాళ్ళ కాన్వాసు బూట్లు. కిటికీ ముందు నిలబడి గొడుగు విదిల్చారు. నా ముందున్న ఫైళ్ళన్నీ తడిశాయి.

"ఒక టిక్కెట్టు ఇవ్వు బాబూ."

"వాన పడుతోందమ్మా."

"వర్షారణ్యంలో మరేం పడుతుందయ్యా?"

నిబంధన చదివాను. ఆవిడ పూర్తిగా విన్నారు. మధ్యలో అడ్డు రాకుండా విన్న మొదటి సందర్శకురాలు ఆవిడే.

"సరే. వాన ఆగేవరకూ ఉంటాను. ఈ అడవి బొమ్మ బోర్డు మీద వెయ్యిసార్లు గీసుంటాను. ఒక్కసారీ చూడలేదు. కిందటేడు ఒక మోకాలు పాడయింది, రెండోది ఈ ఏడు పాడవుతుందని డాక్టరు చెప్పాడు. అది పాడయ్యేలోగా చూడాలి."

గేటు పక్కనే అతిథిగృహం ఉంది. అందులో ఒక గది కారదు. ఆ గది ఆవిడకిచ్చాం. మూడో రోజు నుంచి అదీ కారింది.

పంతొమ్మిది రోజులు గడిచాయి. ప్రతి ఉదయం ఆవిడ బూట్లు వేసుకుని గేజి దగ్గరికి వచ్చేవారు. సుక్రయ్య నీళ్ళు కొలిచేవాడు.

"ఎంత?"

"నూట నాలుగండి అమ్మగోరు."

"నిన్నటికంటే తగ్గిందే!"

"తగ్గతన్నాది. డిసెంబరుకి బాగా తగ్గతాది. అరవై, డెబ్బై పడతాది."

ఇరవయ్యో రోజున పై నుంచి మా సంచాలకులు కోదండపాణి గారికి ఒక లేఖ వచ్చింది. "గడచిన నాలుగు సంవత్సరములలో సందర్శకుల సంఖ్య శూన్యముగా నుండుటకు గల కారణములను విశదీకరించవలసినదిగానూ, మూడు మాసములలో పరిస్థితి మెరుగుపడనిచో సంచాలకుల పదవి యొక్క ఆవశ్యకతను పునఃసమీక్షించుట జరుగుననియూ" అందులో ఉంది.

కోదండపాణి గారు చెడ్డవారు కాదు. మధ్యాహ్నం భోజనం తర్వాత కాసేపు కునుకు తీసేవారు, సాయంత్రం కాగితాల మీద సంతకాలు పెట్టేవారు, ఎవరినీ గట్టిగా ఒక మాట అనేవారు కాదు. వానంటే మాత్రం పడదు. గది కిటికీలు నాలుగేళ్ళుగా మూసే ఉంచారు. ఆ లేఖ చదివాక నన్ను పిలిచారు.

"ఏమయ్యా ఉమాపతీ, పదకొండో నిబంధన సవరించాలంటే ఏం చెయ్యాలి?"

"పదిహేడు సంతకాలు కావాలండి. అందులో ఇద్దరు కాలం చేశారు."

"అంటే నిబంధన మారదు." ఆయన కళ్ళు మూసుకుని ఆలోచించారు. పడుకున్నారేమోనని నేను వెళ్ళబోతూంటే కళ్ళు తెరిచారు. "ఆ రెయిన్ గేజి దేంతో చేసింది?"

"రేకండి."

"రేకు! నాలుగేళ్ళుగా ఆరుబయట వానలో తడుస్తోంది. తుప్పు పట్టదూ? రేపు ఆడిట్ వాళ్ళు వచ్చి, ప్రభుత్వ ఆస్తిని వానకి వదిలేశారేమిటని అడిగితే ఎవరయ్యా జవాబు చెప్పేది? తక్షణం దాన్ని వరండాలో పెట్టించు."

సుక్రయ్య గేజిని చంకన పెట్టుకుని వరండా మెట్ల దగ్గర ఆగాడు.

"అయ్యా, ఇది తడవడానికే కదండి ఎట్టింది?"

"నీకు పరికరాల సంగతి తెలీదు సుక్రయ్యా. వానని కొలిచే పరికరాన్ని ముందుగా వాన నుంచి కాపాడుకోవాలి."

గేజిని వరండాలో బీరువా పక్కన పెట్టారు. మర్నాడు ఉదయం సుక్రయ్య దాన్ని వంచి చూశాడు. ఒక సాలీడు బయటికొచ్చింది. రిజిస్టర్లో సున్నా రాశాడు. చూరు మీంచి పడుతున్న నీటి మోతకి అతను ఏం గొణిగాడో నాకు వినపడలేదు.

వకుళాదేవి గారికి ఈ సంగతి నేనే వెళ్ళి చెప్పాను. ఆవిడ గొడుగు వేసుకుని వచ్చి వరండాలో గేజిని చూశారు.

"ఇది మోసం కదూ బాబూ?"

"స్థలమార్పిడి అమ్మా. అధికారికంగా నిన్నటి నుంచి వాన లేదు."

"పోనీలే. అయితే ఇవాళ లోపలికి వెళ్ళచ్చా?"

వెళ్ళడానికి ఒక చిన్న కాగితం కావాలి. వాన పడలేదని మేం రాస్తే చాలదు, దానికి రాజధాని నుంచి నిర్వర్ష ధ్రువపత్రం రావాలి. పని దినాలు ఏడు పడుతుంది. ఆవిడ ఏడు రోజులూ బూట్లు ఆరబెట్టుకుంటూ కూర్చున్నారు. అవి ఆరలేదు.

ఎనిమిదో రోజు టపాలో ధ్రువపత్రం వచ్చింది. దాని కిందే ఇంకో కాగితం ఉంది. "వరుసగా ఏడు దినములు వర్షము లేకుండుట వలన మబ్బుకొండ అరణ్యమునకు దావానల ప్రమాదము పొంచియున్నది. ఇరువది మూడవ నిబంధన ననుసరించి, తదుపరి ఉత్తర్వులు వెలువడు వరకు సందర్శకుల ప్రవేశము నిషిద్ధము. పరిసరములలో అగ్గిపుల్ల గీయరాదు."

ఆ ప్రాంతంలో అగ్గిపుల్ల వెలిగి నెలయింది. తడిసిపోయిన పెట్టెలు ఊడిపోతున్నాయి. అయినా హెచ్చరిక గేటుకి అతికించాను. జిగురు పట్టక జారిపోతూంటే మేకు కొట్టాను.

వకుళాదేవి గారు గొడుగు కింద నిలబడి చదివారు.

"అంటే వాన పడితే వెళ్ళకూడదు. పడకపోతే వెళ్ళకూడదు."

"అవునమ్మా."

"మరి ఎప్పుడు వెళ్ళాలి?"

నేను నిబంధనలు తిరగేసి చూశాను. "వాన ఆగిన రెండో రోజుకీ ఏడో రోజుకీ మధ్య వెళ్ళచ్చమ్మా. అయితే ఆ రోజుల్లో ధ్రువపత్రం దారిలో ఉంటుంది."

ఆవిడ కోప్పడతారనుకున్నాను. నవ్వారు. చాలాసేపు నవ్వారు. ఆ తర్వాత, "నేను ఉంటాను బాబూ. ఇదెక్కడిదాకా వెళ్తుందో చూడాలనుంది," అన్నారు.

చాలా దూరమే వెళ్ళింది.

నెల తిరిగేసరికి రాజధానిలో మా అంకెలు చూసినవాళ్ళు ఆ ప్రాంతాన్ని కరువు ప్రాంతంగా ప్రకటించారు. మూడు నీళ్ళ ట్యాంకర్లు బయల్దేరాయి. దిగువ మలుపు దగ్గర ఇరుసుల దాకా బురదలో దిగబడిపోయాయి. మూతలు తీసి ఉండడంతో వాననీళ్ళు నిండి పొంగి పొర్లాయి. "ట్యాంకర్లు నీటి విషయములో స్వయంసమృద్ధి సాధించినవి" అని కోదండపాణి గారు నివేదిక పంపారు.

ఈ మధ్యలో సుక్రయ్య ఒక తప్పు చేశాడు. వకుళాదేవి గారు తన గదిలో కారే చోట పెట్టుకునే గిన్నెకి లోపల స్కేలుతో గీతలు గీసి, ఆరుబయట రాయి మీద పెట్టమని అతనికిచ్చారు. అతను మూడు రోజులు అందులో చూసి రిజిస్టర్లో సున్నా పక్కన ఇంకో అంకె రాశాడు. నూట ఇరవై. తొంభై ఎనిమిది. నూట యాభై మూడు. నాలుగో రోజు అతనికి మెమో వచ్చింది: "అరణ్య పరిసరములలో వర్షము కురియుచున్నట్లు వదంతులు వ్యాపింపజేసినందుకు మీపై ఏల చర్య తీసుకొనరాదో మూడు దినములలోగా సంజాయిషీ ఇవ్వవలెను."

సుక్రయ్య ఆ మెమో పట్టుకుని నా దగ్గరికొచ్చాడు. ఒంటి మీంచి నీళ్ళు కారుతున్నాయి.

"ఉమాపతి బాబూ, ఏటి రాయమంటారు?"

"ఇకపై వదంతులు వ్యాపింపజేయనని రాసెయ్యి."

"వాన పడతంటే?"

"పడినా సరే."

అతను వేలిముద్ర వేసేవాడు కాదు, ఏడో తరగతి చదివినవాడు. పొందిగ్గా సంతకం పెట్టి వెళ్ళాడు. ఆ రోజు నుంచి గేజి చూసే పని అతన్నుంచి తీసేసి నాకిచ్చారు. సున్నాలన్నీ నా సంతకంతో వెళ్ళాయి. సున్నా రాయడం తేలికే. మొదటి వారం చెయ్యి కొంచెం ఆగేది, తర్వాత అలవాటైంది.

ట్యాంకర్లు పైకి రాలేకపోయాయి కాబట్టి, నీళ్ళని మనుషులే మొయ్యాలని ఇంకో శాఖ వాళ్ళు నిర్ణయించారు. ఆ పథకం పేరు చెట్టుకో చెంబు. "మీ చేతి చెంబెడు నీళ్ళతో ఒక మహావృక్షమునకు ప్రాణదానము చేయుడు! జలదాతలై తరలిరండు!" అని రాసి, నాలుక బయటపెట్టి రొప్పుతున్న చెట్టు బొమ్మ వేసిన పోస్టర్లు జిల్లా అంతా అంటించారు. రాజధానిలో కొందరు ప్రముఖులు కుండీలో మొక్కకి చెంబుతో నీళ్ళు పోస్తూ ఫోటోలు దిగారు. మాకు పెట్టెల నిండా చెంబులొచ్చాయి, సరిగ్గా వెయ్యి. జలదాతలు మాత్రం ఒక్కరూ రాలేదు. చెంబులు స్టోర్లో పెట్టి తాళం వేశాం.

అక్టోబరులో డాక్టర్ మదనగోపాల్ గారు వచ్చారు. మెట్టభూముల నిపుణులు, కరువు అధ్యయన కమిటీకి అధ్యక్షులు. కమిటీలో మిగతా సభ్యులు బురద మలుపు దగ్గరే ఆగిపోయారు. ఆయనొక్కరే సుక్రయ్య భుజం పట్టుకుని నడిచి వచ్చారు. ఒళ్ళంతా తుడుచుకుని, వరండాలో కూర్చుని రిజిస్టరు తెరిచారు. రేకు కప్పు మీద వాన హోరుకి అందరం అరుచుకుంటూ మాట్లాడుకున్నాం.

"తొంభై రోజులు సున్నా!" అని అరిచారు డాక్టరు గారు. "నా ముప్ఫై ఏళ్ళ సర్వీసులో ఇంత స్వచ్ఛమైన కరువు చూడలేదు!"

వకుళాదేవి గారు వరండా చివర నిలబడి ఉన్నారు. చూరు నీళ్ళ వైపు చెయ్యి చూపించి, "మరి ఇదేమిటండీ?" అని అడిగారు.

ఆయన కళ్ళజోడు తుడుచుకుని అటు చూశారు. "అమ్మా, అది మీ వ్యక్తిగత అనుభవం. శాస్త్రం వ్యక్తిగత అనుభవాల మీద నడవదు. గణాంకాల మీద నడుస్తుంది."

"ఆ గణాంకాలు ఎక్కడివి?"

"వీరు ఇచ్చినవే," అని ఆయన నా వైపు చూపించారు. ఆవిడ నన్ను చూశారు. నేను బీరువా సర్దుకున్నాను.

మదనగోపాల్ గారి నివేదిక వారంలో వచ్చింది. వాన లేకపోయినా అడవి ఇంత పచ్చగా ఉందంటే, ఈ పెద్ద చెట్లు భూగర్భజలాన్ని విపరీతంగా తాగేస్తున్నాయని అర్థమట. కాబట్టి మొదటి దశలో మూడు వందల నలభై మహావృక్షాలు తొలగించాలి. రెండో దశలో నాగజెముడు నాటి ఆ ప్రదేశాన్ని శుష్క ఉద్యానవనంగా తీర్చిదిద్దాలి. మూడో దశలో సందర్శకుల విహారార్థం ఒంటెలు తెప్పించాలి.

ఒంటెల దగ్గర కోదండపాణి గారు కూడా కాసేపు ఆగారు. "ఒంటెలకి ఈ బురద పడుతుందంటావా?" అన్నారు. మళ్ళీ ఆయనే, "బురద లేదుగా," అని సంతకం పెట్టేశారు.

చెట్లకి తెల్లరంగుతో అంకెలు వెయ్యాలి. సుక్రయ్యకి ఆ పని చెప్తే డబ్బా కింద పెట్టేశాడు.

"నా వల్ల కాదండి. ఆ సెట్లు పోతే గెడ్డ పోతాది." గెడ్డ అంటే వాళ్ళ గూడెం పక్కన పారే కొండవాగు. "మాకు తాగడానికి అదే, పండించుకోడానికి అదే. మీకు వాన నేదని రాసుకుంటే సాలు. మాకు నీళ్ళు నేపోతే ఏటి రాసుకోవాలండి?"

కోదండపాణి గారు వేరే మనుషుల్ని పిలిపించారు. ఏ చెట్టుకి ఏ అంకో, పాత సర్వే పటం చూసి జాబితా నేను రాసిచ్చాను. అంకెల అచ్చులు కూడా అట్టముక్కల మీద నేనే గీసి కత్తిరించి ఇచ్చాను, నా దస్తూరి బావుంటుందని. వాళ్ళు ఉదయం వేసిన అంకెలు మధ్యాహ్నానికి కడుక్కుపోయేవి. మర్నాడు మళ్ళీ వేసేవారు. రంపాలు వచ్చే సోమవారానికి వస్తాయని కబురొచ్చింది.

ఆ శనివారం ఉదయం వకుళాదేవి గారు కిటికీ దగ్గరికి వచ్చారు. మోకాలికి గుడ్డ కట్టుకుని ఉన్నారు. చేతిలో పోస్టరు ఉంది, నాలుక చాపిన చెట్టు బొమ్మది.

"బాబూ, ఈ జలదాతలు సందర్శకులేనా?"

ఆ ప్రశ్న అప్పటిదాకా ఎవరూ అడగలేదు. నిబంధనల పుస్తకం తీశాను. సందర్శకుడనగా, అరణ్యమును చూచుటకై వచ్చు వ్యక్తి.

"కాదమ్మా. సందర్శకుడు చూడ్డానికి వస్తాడు. జలదాత పొయ్యడానికి వస్తాడు."

"పోస్తూ చూస్తే?"

పుస్తకం చివరిదాకా వెతికాను. "కళ్ళు మూసుకోవాలని ఎక్కడా లేదమ్మా."

"అయితే నాకొక చెంబివ్వు."

స్టోరు తాళం తీశాను. పథకం నిబంధనల ప్రకారం జలదాత వెంట సీనియర్ అసిస్టెంటు హోదాకి తగ్గని పర్యవేక్షకుడు ఉండాలి. ఆ చుట్టుపక్కల ఆ హోదా నాకొక్కడికే ఉంది. చెంబు కుళాయి దగ్గర నింపుకున్నాం, వాన జోరుగా పడుతోంది. సుక్రయ్య ముందు, ఆవిడ వెనక, ఆవిడ వెనక నేను. గేటు దాటేటప్పుడు నాకు తెలీకుండానే చెప్పులు విప్పబోయాను. "జలగలుంటాయి బాబూ, ఇప్పకండి," అన్నాడు సుక్రయ్య.

పది నిమిషాలు నడిచేసరికి వాన చప్పుడు మారిపోయింది. హోరు ఎక్కడో పైన ఉండిపోయింది. కింద ఆకు మీంచి ఆకు మీదికి, నాచు మీదికి, మా భుజాల మీదికి బొట్టు బొట్టుగా నీళ్ళు దిగుతున్నాయి. పగలే అయినా పచ్చటి చీకటి. ఒక పడిపోయిన మాను మీద వేలెడు పుట్టగొడుగులు నారింజ రంగులో వరసగా ఉన్నాయి. ఎక్కడో కప్ప ఒకటి తలుపు తట్టినట్టు టక్కు టక్కుమంటోంది. వాసన మాత్రం చెప్పలేను. తడిమట్టి, కుళ్ళిన ఆకులు, ఏదో పువ్వు, అన్నీ కలిసి ఉన్నాయి. నాలుగేళ్ళు ఆ అడవికి వంద గజాల్లో కూర్చుని నేను ఫైళ్ళ బూజు వాసన పీల్చాను.

వకుళాదేవి గారు ఒక చెట్టు ముందు ఆగిపోయారు. దాని వేళ్ళు నేలలోంచి గోడల్లా లేచి ఉన్నాయి, మనిషి ఎత్తున. రెండు వేళ్ళ మధ్య మేం ముగ్గురం పట్టాం. మాను పైకి వెళ్ళి వెళ్ళి, ఇతర చెట్ల కొమ్మల్లో కలిసి ఎటు పోయిందో తెలీలేదు. ఆవిడ ఒక చేత్తో వేరు పట్టుకుని, మెడ వెనక్కి వాల్చి, చాలాసేపు చూశారు. మొహం మీద నీళ్ళు పడుతున్నా తుడుచుకోలేదు.

"ముప్ఫై ఒక్క ఏళ్ళు," అన్నారు చివరికి. "బోర్డు మీద నాలుగు అడ్డగీతలు గీసేదాన్ని బాబూ. పైన పెద్ద చెట్లు, దాని కింద ఇంకో వరస, దాని కింద పొదలు, అడుగున నేల. పిల్లలు స్కేలు పెట్టి గీసుకునేవారు. గీత వంకరపోతే మార్కు తీసేసేదాన్ని. ఇక్కడ ఒక్క గీత కూడా లేదు."

సుక్రయ్య ఆ చెట్టు పేరు చెప్పాడు, వాళ్ళ భాషలో. ఆవిడ మూడుసార్లు అడిగి పలకడం నేర్చుకున్నారు.

అప్పుడు నాకు కనిపించింది. వేరు గోడకి లోపలి వైపు, వాన తగలని చోట, తెల్లటి అంకె. పదిహేడు. ఆవిడా చూశారు.

"ఇది నీ రాతా బాబూ?"

"అవునమ్మా."

"బావుంది. గుండ్రంగా రాస్తావు."

అంతకంటే ఏమీ అనలేదు. అంటే బావుండేది. చెంబు వైపు చూసుకుంటే అది వాననీళ్ళతో పొంగి పొర్లుతోంది. ఆవిడ దాన్ని పదిహేడో నంబరు చెట్టు మొదట్లో పోశారు. కురుస్తున్న వానలో ఆ చెంబెడూ ఎటు పోయిందో తెలీలేదు.

ఆదివారం గేజి చూసే నేను తప్ప ఆఫీసుకి ఎవరూ రారు. పొద్దున్నే నేను వచ్చాను. వరండాలో గేజి బీరువా పక్కనే ఉంది. దాన్ని ఎత్తుకున్నాను. ఇరవై రెండేళ్ళ సర్వీసులో నేను పై అధికారి చెప్పని పని ఒక్కటీ చెయ్యలేదు. ఆరుబయట దాని పాత దిమ్మ మీద పెట్టి, లోపలికి వచ్చి ఒక నోటు రాశాను: "వరండాకు సున్నము వేయించవలసి యున్నందున, పరికరముపై సున్నము పడకుండుటకై దానిని తాత్కాలికముగా వెలుపల ఉంచడమైనది." తేదీ వేసి సంతకం పెట్టాను.

సోమవారం ఎనిమిదింటికి గేజి చూశాను. రెండు వందల ఎనభై ఆరు. రిజిస్టర్లో రాసి, రాజధానికి ఫోన్లో కూడా చెప్పాను. అవతల మనిషి మూడుసార్లు అడిగాడు. మూడుసార్లూ చెప్పాను. రంపాల లారీ అప్పటికి కింద మలుపు దగ్గర ట్యాంకర్ల వెనక దిగబడి ఉంది.

పదకొండింటికి కోదండపాణి గారికి ఫోనొచ్చింది. తలుపు సందులోంచి ఆయన లేచి నిలబడడం చూశాను. నా పని అయిపోయిందనుకున్నాను. ఫోన్ పెట్టేసి ఆయన బయటికొచ్చారు. మొహం వెలిగిపోతోంది.

"ఉమాపతీ! కరువు తొలగిపోయిందయ్యా! నూట పది రోజుల తర్వాత, నా హయాంలో వాన పడింది!"

ఆ తర్వాత జరిగినవి చకచకా జరిగాయి. కరువు ప్రాంత ప్రకటన రద్దయింది. చెట్ల తొలగింపు ఆగిపోయింది. మదనగోపాల్ గారు అనుబంధ నివేదిక సమర్పించారు. "తొలగింపు ప్రతిపాదన వెలువడిన వెంటనే అరణ్యము నుండి వచ్చిన సానుకూల స్పందన" ఆయన సిద్ధాంతాన్ని రుజువు చేసిందట. సుక్రయ్య మెమో కూడా మూతపడింది. "సదరు వదంతి తదుపరి నిజమైనందున చర్య విరమించుట జరిగినది." కోదండపాణి గారికి సన్మానం చేసి, ప్రమోషనిచ్చి, ఆరు మెట్ట జిల్లాలకి వాన రప్పించే సలహాదారుగా రాజధానికి తీసుకువెళ్ళారు.

వాన మళ్ళీ అధికారికమైంది కాబట్టి పదకొండో నిబంధన మళ్ళీ అమల్లోకి వచ్చింది. సందర్శకులకి ప్రవేశం లేదు. అయితే చెట్టుకో చెంబు వేరే శాఖవాళ్ళ పథకం. అది ఐదేళ్ళకి మంజూరైంది. కరువు పోయినట్టు వాళ్ళకి ఎవరూ రాయలేదు. రాయాల్సింది నేనే. రోజూ రాద్దామనే అనుకుంటాను.

ముందు వకుళాదేవి గారి పాత విద్యార్థినులు వచ్చారు, పదకొండు మంది. తర్వాత వాళ్ళ మొగుళ్ళూ పిల్లలూ వచ్చారు. తణుకు నుంచి కొత్తగా పెళ్ళయిన జంట వచ్చింది, ఇద్దరికీ కలిపి ఒకటే చెంబు చాలన్నారు. బ్యాంకు ఉద్యోగులు వచ్చారు. పక్షుల్ని చూసేవాళ్ళు దుర్భిణీలతో వచ్చి, అవి నీళ్ళు ఎక్కడ పొయ్యాలో చూసుకోవడానికని రాయించుకున్నారు. సుక్రయ్యని పథకం మేస్త్రీగా వేశాం. పదిమంది మించకుండా జట్లు కట్టి, కాలిబాట దిగనివ్వకుండా, కొమ్మ విరవనివ్వకుండా తిప్పుతాడు. ఒకతను కేక పెడితే, "మెల్లగండి, సెట్లకి నీళ్ళు పోస్తన్నాం," అని చెవిలో చెప్పాడు. వకుళాదేవి గారు నెలకోసారి వస్తారు. రెండో మోకాలూ పాడయింది. కర్ర పట్టుకుని పదిహేడో నంబరు దాకా మాత్రం వెళ్తారు.

ఈ ఏడు సెప్టెంబరులో జీపులోంచి ఒక పెద్దమనిషి దిగి కిటికీ దగ్గరికి వచ్చారు. చూస్తే కోదండపాణి గారు! రిటైరయ్యారట. నేను లేచి నిలబడ్డాను.

"ఏమయ్యా ఉమాపతీ, నాలుగేళ్ళు ఇక్కడున్నాను కదా. ఇంటి దగ్గర మనవరాలు అడుగుతోంది, తాతయ్యా ఆ అడవెలా ఉంటుందని. నేనేం చెప్పను?" ఆయన చుట్టూ చూసి గొంతు తగ్గించారు. "ఒక్కసారి చూడాలయ్యా. ఏమైనా వీలవుతుందా?"

జలదాతల పుస్తకంలో ఆయన పేరు రాసి, చెంబిచ్చాను. సుక్రయ్య కుళాయి దగ్గర దాన్ని నిండా పట్టాడు. ఆయన దాన్ని రెండు చేతులతో పట్టుకుని, తొణక్కుండా, గుళ్ళో తీర్థం మోస్తున్నట్టు నడిచారు. చొక్కా తడిసి వీపుకి అంటుకుపోయింది. ఒకచోట కప్ప అరుపు వినడానికి ఆగారు. పుట్టగొడుగుల దగ్గర వంగి చూశారు. పెద్ద చెట్టు దగ్గరికి వచ్చాక ఆ వేళ్ళ గోడల మధ్య నిలబడి తల పైకెత్తారు. ఎంతసేపటికీ దించలేదు. కళ్ళు ఎర్రబడ్డాయి. వాననీళ్ళకేమో నాకు తెలీదు.

చాలాసేపటికి చేతిలో చెంబు గుర్తొచ్చింది. చుట్టూ చూశారు. కింద కాళ్ళ చుట్టూ అంతా నీళ్ళే పారుతున్నాయి. మానులో, వేళ్ళలో, ఆకుల్లో ఎక్కడా పొడి చోటు లేదు. ఆయన ఇబ్బందిగా సుక్రయ్య వైపు తిరిగారు.

"సుక్రయ్యా, ఇది ఎక్కడ పొయ్యమంటావు?"

"ఎక్కడైనా పొయ్యండి బాబూ," అన్నాడు సుక్రయ్య. "అదేటీ అనుకోదు."